మా వాడ పరిచారకమ్మ

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి ఫ్యాను కింద కూర్చున్నానో లేదో, మా సంఘంవారి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చి పడింది. కొత్తగా కట్టిన గుడి గోడకు పెట్టబోయే నల్ల గ్రానైటు రాయి నమూనా అది. పైన పెద్ద అక్షరాలతో "మన సంఘ డీకన్లు" అని, దాని కింద మొదటినుంచి ఇప్పటిదాకా ఆ పదవిలో ఉన్నవారి పేర్లు, అన్నీ బంగారు రంగులో. ఇప్పటి కమిటీవారి పేర్లు మాత్రం మిగతావాటికంటె రెండింతలు లావుగా ఉన్నాయి, పక్కన వాళ్ళ ఫొటోలు కూడాను. మా నాయన పేరు వెతుక్కుంటే దొరికింది. అమ్మ ఊసే లేదు. కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాను, ఫొటోను వేళ్ళతో సాగదీసి చూశాను. లేదు. ఫోను మంచం మీద పడేసి వంటింట్లోకి పోయాను గానీ, అక్కడికి ఎందుకు పోయానో మరిచిపోయి పొయ్యి ముందర ఊరికే నిలబడ్డాను, అంత కోపం వచ్చింది.

నా ఈడువారికి ఈ కోపం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు గానీ, తరువాతివారి కోసం కొంచెం వెనక్కి పోవాలి. మేము కాజీపేటలో పెరిగినవాళ్ళం. మా చిన్నతనంలో డీకన్ అన్న మాట మా వాడలో ఎవరి నోటా వినలేదు. పరిచారకుడు అనేవారు. పరిచర్య చేసేవాడు పరిచారకుడు, అంతకుమించి దానికి అర్థం లేదు. రఘునాథపల్లి దిక్కు బడుల్లో తెలుగు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, నన్నడిగితే నిఘంటువు తీయకుండానే చెప్తాను: అన్నం వడ్డించేవాడు, కాళ్ళకు నీళ్ళిచ్చేవాడు, రోగి పక్కన కూర్చునేవాడు. యేసు శిష్యుల నాటి మొట్టమొదటి సంఘంలో విధవరాండ్రకు రోజూ అన్నం సరిగా అందడం లేదని సణుగుడు మొదలైతే, ఆ వడ్డన చూసుకోవడానికే మనుషులను ఏర్పాటు చేశారని మా ముసలి అయ్యగారు చెప్పేవారు. అయ్యగారంటే మాలో పాస్టరుగారు, బయటివారికి తెలియకపోవచ్చు. వాడలో ఎవరైనా కన్నుమూస్తే ముందుగా అడిగే మాట "పరిచారకునికి చెప్పిండ్లా?" అని. ఎవరి కోడలికైనా నొప్పులొస్తే దవాఖానకు రిక్షా మాట్లాడేది ఆయనే, గుడి ఊడ్చేది ఆయనే, గంట కొట్టేది ఆయనే. అందుకే ఆ పదవి కోసం ఎవరూ ఎగబడేవారు కాదు. ఎవరినైనా అనుకుంటే, ఆ మనిషి ఆ వారం గుడికి రాకుండా తప్పించుకొని తిరిగేవాడు.

ఇప్పుడు చూడండి. పోయినసారి ఎన్నికలకు రెండు ప్యానెళ్ళు నిలబడ్డాయి, సందు మొదట్లో ఫ్లెక్సీలు కట్టారు, చేతులు జోడించి నవ్వుతున్న ఫొటోలతో. ఒక ప్యానెల్‌వాళ్ళు చికెన్ బిర్యానీ పెడితే మరుసటి రోజు రెండోవాళ్ళు మటన్ బిర్యానీ పెట్టారు. గెలిచినాయన కారు వెనుక అద్దం మీద డీకన్ అని స్టిక్కరు అంటించుకున్నాడు. ఓడినవాళ్ళు కోర్టుకు పోయారు. అప్పటినుంచి ఒకే గుడిలో ఒక వర్గంవారు పొద్దున, రెండో వర్గంవారు ఆ పైన ప్రార్థన చేసుకుంటున్నారు, వీళ్ళు బయటికి వచ్చేటప్పుడు వాళ్ళు లోపలికి పోతూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వడ్డించేవాడి పేరు పెట్టుకొని కొట్లాడుకునే ఈ సంబడం చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు నాకు.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. మా నాయన రైల్వేలో గార్డు. గూడ్సు బండి ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. తెల్ల దుస్తులు, చేతిలో పచ్చజెండా ఎర్రజెండా, బ్రహ్మాండమైన గొంతు, సైకిలు. సంఘంవాళ్ళు ఇవన్నీ చూసి ఆయన్ను పరిచారకుడిగా పెట్టారు. ఇంట్లో ఉండని మనిషిని ఆ పనికి పెట్టడం ఏమిటని ఒక్కరికీ తోచలేదు, మా అమ్మకు తప్ప. ఘన్‌పూర్ దిక్కు కూలి చేసుకొని బతికిన ఇంటి ఆడబిడ్డ ఆమె, వేలు పెట్టి కూడబలుక్కుంటూ బైబిలు వాక్యం చదివేది. "నువ్వు బండెక్కి పోతివి, పనెవ్వలు జేస్తరు?" అని మా నాయనను అడిగిందట. మా నాయన నవ్వి, నువ్వున్నావు కదా అన్నాడట. ఆ నవ్వు ఖరీదు మా అమ్మ జీవితకాలం.

పని మొత్తం ఆమె మీదనే పడింది. పడిందని ఆమె ఏనాడూ అనలేదు, నేనంటున్నాను. చీపురు, గంట, చావు జరిగిన ఇళ్ళలో శవానికి స్నానం చేయించడం, పురిటిళ్ళలో గంజి కాచడం. వీటన్నిటికంటె మా అమ్మకు ముఖ్యమైనది ప్రభు బల్ల రొట్టె. నెలలో మొదటి ఆదివారం మాకు యేసును తలచుకొని రొట్టె విరిచి, ద్రాక్షరసంతో పంచుకునే ప్రభు భోజనం ఉంటుంది కదా, ఆ రొట్టె అప్పుడు పరిచారకుని ఇంట్లోనే చేసేవారు. ద్రాక్షరసానికి కిస్మిస్‌లు నానబెట్టి ఉడికించి వడగట్టేవారు. రొట్టెకు పిండి మాత్రం ఒకరి ఇంటిది పనికిరాదు. ముందురోజు శనివారం సాయంత్రం మా అమ్మ మూతున్న ఇత్తడి డబ్బా చేతబట్టుకొని వాడంతా తిరిగేది, ప్రతి ఇంటినుంచీ పిడికెడు గోధుమపిండి. అన్నం తినే మా ఇళ్ళలో గోధుమలెక్కడివి, కంట్రోలు దుకాణంలో రేషను కింద ఇచ్చినవే. అవి ఈ పిండి కోసమని దాచి, గిర్నీ పట్టించి ఉంచేవారు ఆడవాళ్ళు. అందరిళ్ళ పిండి కలిపి, ఉప్పు వేయకుండా, ఒకే ముద్ద చేసి పెనం మీద కాల్చేది.

అసలు కిటుకు ఇక్కడుంది. పోట్లాడుకున్న ఇళ్ళ పిండి కూడా ఆ ముద్దలో కలవాలి. కలవకపోతే రొట్టె లేదు. ఇది మా అమ్మ పుట్టించింది కాదు, ముందునుంచీ ఉన్న పద్ధతే, కానీ ముందటివాళ్ళు చూసీ చూడనట్టు పోనిచ్చేవారు. ఇద్దరికి మాటలు లేవంటే ఒకరి దగ్గర తీసుకొని, రెండోవారి గడప తప్పించి నడిచిపోయేవారు. మా అమ్మ అట్లా కాదు. ఆ గడపలో కూర్చునేది. తగవు ఏమిటని అడిగేది కాదు, తీర్పు చెప్పేది కాదు, డబ్బా పక్కన పెట్టుకొని వాళ్ళింటి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేది. కాసేపటికి లోపలినుంచి పిండి వచ్చేది, విసురుగానైనా సరే వచ్చేది. ఆమె డబ్బా మూత పెట్టుకొని లేచేది.

ఒకసారి మాత్రం రాలేదు. గుడి వెనక ఒకే వాకిలి పంచుకున్న తోడికోడళ్ళు ఇద్దరు ఉండేవారు. పెద్దకోడలి జలకాలింటి నీళ్ళు చిన్నకోడలి గడప ముందునుంచి పారుతున్నాయని మొదలై, కుండలు పగిలి, జుట్లు పట్టుకొని, ఆఖరికి ఎదురుబొదురు తలుపులు మూసుకొని కూర్చున్నారు. ఆ శనివారం మా అమ్మ అక్కడే పొద్దు గూకిందాకా కూర్చుంది. పెద్దామె తలుపు తీయలేదు. చిన్నామె తీసి, "నా పిండి దాని పిండిల కలుస్తదంటే నేను బొందల వోసుకుంట గని నీకియ్య" అని మొహం మీదే అనేసింది. మా అమ్మ ఇంటికి వచ్చి డబ్బా అటక మీద పెట్టేసింది. రేపు రొట్టె లేదంది.

పొద్దున డ్యూటీ దిగి వచ్చిన మా నాయన ఆ సంగతి విని తల పట్టుకున్నాడు. ఆదివారం, మొదటి ఆదివారం, బల్ల మీద రొట్టె లేకపోతే పరిచారకుడి పరువేం గాను! ఎంత చెప్పినా ఈమె వినదని తెలిసి, సైకిలెక్కి స్టేషను దగ్గరి బేకరీకి పోయి డబల్ రొట్టె కొని తెచ్చి, మా అమ్మకు తెలియకుండా పళ్ళెంలో పెట్టి, పైన తెల్లబట్ట కప్పి, గుడిలో బల్ల మీద పెట్టేశాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆనాడు ఆ తెల్లబట్ట కింద రొట్టె ఉబ్బెత్తుగా కనబడుతుంటే నేను భయపడి అటు చూడడమే మానేశాను. చాప మీద మా అమ్మ పక్కనే కూర్చున్నాను నేను.

అయ్యగారు ప్రార్థన చేసి బట్ట తీశారు. ఆ రొట్టెను చూసి, మా నాయనవైపు చూశారు. మగవాళ్ళ వైపునుంచి ఎవరో కిసుక్కుమన్నారు కూడా. మా అమ్మ లేచింది. ఆడమనిషి గుడిలో పాట పాడటమే గానీ బల్ల దగ్గరికి పోవడమన్నది లేని రోజులవి. ఆమె పోయి, ఆ తెల్లబట్ట తీసుకొని మళ్ళీ రొట్టె మీద కప్పింది, పసిపిల్లకు కప్పినట్టు నెమ్మదిగా. "ఇది అందరిండ్ల పిండి కాదయ్యా" అంది. తరువాత బల్ల పక్కన కిందనే కూర్చుంది.

అయ్యగారు ఆమెను గదిమితే అయిపోయేది, గదుముతారనే అందరం అనుకున్నాం. ఆయన పుస్తకం మూసి, తన కుర్చీలో కూర్చున్నారు. ఇక కదలలేదు. ఎవరో ఒక కీర్తన అందుకున్నారు, అది అయిపోయింది, ఇంకొకటి అందుకున్నారు, అదీ అయిపోయింది. ఎండ కిటికీలోంచి చాపల మీదికి వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. బయటికి పోవడానికి ఎవరికీ ధైర్యం లేదు, లోపల కూర్చోవడానికి ఓపిక లేదు. అందరి చూపులూ ఆ తోడికోడళ్ళ మీదనే.

ముందుగా లేచింది చిన్నామె. కోపంతోనే లేచింది, కాళ్ళు నేలకేసి కొడుతూ బయటికి పోయింది. ఇక రాదనుకున్నాం. కొంగులో పిండి మూట కట్టుకొని తిరిగొచ్చింది. అది చూసి పెద్దామె కూడా లేచి ఇంటికి పోయి తన పిండి తెచ్చింది. మా అమ్మ నన్ను పంపి ఇంట్లోంచి డబ్బా, పెనం తెప్పించి, గుడి ఆవరణలోనే మూడు ఇటుకలు పేర్చి పొయ్యి చేసింది. పిండి పిసకడానికి నీళ్ళు పోసింది చిన్నామె, పుల్లలు ఎగదోసింది పెద్దామె, ఒకరితో ఒకరు మాట్లాడలేదు గానీ ఒకే పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నారు. రొట్టె కాలే వాసన లోపలికి వస్తుంటే పిల్లల ఏడుపు ఆగిపోయింది. తొందరలో ఒక పక్క మాడింది కూడా. ఆ మాడిన రొట్టెనే విరిచి అందరం తిన్నాం. డబల్ రొట్టెను తరువాత పిల్లలు పంచుకున్నారు, ఆ ముక్కలో నాకూ భాగం దొరికింది, దాచడమెందుకు.

ఆ రోజునుంచి మా అమ్మ పరిచారకమ్మ. ఎవరూ ఎన్నుకోలేదు, చేతులెత్తలేదు, తీర్మానం రాయలేదు. గుడినుంచి తిరిగి పోతూ ఎవరో ఆడామె "పరిచారకమ్మా, పోయొస్త" అంది, మరునాటికి వాడంతా అదే పిలుపు. మా నాయన కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. ఆ తరువాత తన దగ్గరికి ఎవరైనా ఏదైనా పనిమీద వస్తే "నాకేమెరుక, పరిచారకమ్మనడుగుండ్లి" అని చేయి వంటింటివైపు చూపెట్టేవాడు. ఆ అనడంలో కొంచెం కినుక, అంతకంటె ఎక్కువ గర్వం. ఆమె అసలు పేరు బాప్తిస్మంలో మిషన్ దొరసానమ్మ పెట్టిన పేరు, పొడుగాటిది, పలకడానికి నాలుక తిరగదు. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందుకే ఇక్కడా రాయను, మీకూ అక్కర్లేదు.

అటువంటి మనిషి లేని రాయి అది. మర్నాడే కమిటీ సెక్రటరీ దగ్గరికి పోయాను. నా దగ్గర చదువుకున్నవాడే, లేచి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, మర్యాదకేం లోటు లేదు. "ఆంటీ, అప్పట్ల లేడీస్‌కు డీకన్ పోస్టు లేకుండె కద. రూల్స్‌ల లేనిది రాయి మీద ఎట్ల రాస్తం? అవుతలోళ్ళు దాని మీద గూడ కేసేస్తరు" అన్నాడు. పోస్టు అట! ఒళ్ళు మండింది నాకు. మా నాయన బండెక్కి తిరిగిన కాలమంతా ఆ పని ఎవరు చేశారనుకున్నావురా అని అడిగాను. "నాకెరుకనే ఆంటీ, మా నాయినమ్మ చెప్తది" అంటాడు, తెలిసీ అంటాడు, అదీ నా కడుపుమంట. సెక్రటరీని వెంటబెట్టుకొని పోయి ఇప్పటి పాస్టరుగారిని కూడా కలిశాను. మంచివాడే, మెత్తనివాడు, రెండు వర్గాల మధ్యా నలిగిపోతున్నవాడు. ఆయన ఆలోచించి, నాయన పేరు కింద అమ్మ పేరు వేసి, డీకన్‌గారి సతీమణి అని రాయిద్దామన్నారు. సతీమణి! మా అమ్మ వింటే వాకిలి అలుకుతున్న పేడ చేయి కడుక్కోకుండానే నవ్వేది.

అప్పుడు నేనొక మాట అడిగాను. ఆమె పేరు వద్దు, సతీమణీ వద్దు, ఒట్టి పరిచారకమ్మ అని ఒక్క మాట చెక్కించండి చాలు అన్నాను. సెక్రటరీ పాస్టరుగారి మొహం చూశాడు, ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. "పేరు లేకుంటె ఎవరనుకుంటరు ఆంటీ? రేపొచ్చేటోళ్ళకు తెల్వాలె కద" అన్నాడు. ఆ పేరు రాస్తేనే ఎవరికీ తెలియదురా నాయనా అని నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పాను. పెద్దదాన్ని, చాదస్తం అనుకున్నారు. చివరికి సతీమణి అన్న మాట మాత్రం తీసేసి, ఒట్టి పేరు చెక్కించడానికి ఒప్పుకొని, నాకు గొప్ప ఉపకారం చేసినట్టు సాగనంపారు. ఇంటికి వస్తూ ఆటోలో నాలో నేనే గొణుక్కుంటుంటే ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్నే చూశాడు.

రాయి ప్రారంభోత్సవం కూడా రెండుసార్లు జరిగింది, పొద్దున ఒక వర్గానికి, మధ్యాహ్నం ఇంకో వర్గానికి. నేను పొద్దున్నే పోయాను. ఆ రోజు ప్రభు బల్ల కూడా ఉంది. ఇప్పుడు మా గుడిలో రొట్టె చేయరు. చిన్న ప్లాస్టిక్ కప్పులో రసం, దాని మూత మీద కాగితంలాంటి బిళ్ళ, సీలు వేసి పెట్టెలకొద్దీ కొరియర్‌లో వస్తాయి. ఎవరి కప్పు వాళ్ళు చింపుకోవచ్చు, పక్కనున్నది ఎవరని చూసే అవసరమే లేదు. నా కప్పు సీలు ఊడిరాక పంటితో పీకాను.

ప్రార్థన అయ్యాక జనం రాయి దగ్గర సెల్ఫీలు దిగుతుంటే, గోడకు ఆనుకొని అప్పటి చిన్నకోడలు కనబడింది. ఆ తోడికోడళ్ళలో చిన్నామె, ఇప్పుడు వాడకంతటికీ పెద్ద ముసలమ్మ, పెద్దామె పోయి చాలా కాలమైంది. చూపు తగ్గింది, చేతికర్ర లేనిదే నడవలేదు. ఆమె మనుమడే మన సెక్రటరీ. పెద్దామె మనుమడు రెండో ప్యానెల్‌కు నాయకుడు. నీళ్ళు పారిన ఆ వాకిట్లో ఇప్పుడు తలెత్తు గోడ లేచింది. మనుమరాలిని పక్కన నిలబెట్టుకొని రాయి మీది పేర్లు ఒక్కొక్కటే చదివించుకుంటోంది ముసలమ్మ. ప్రతి పేరుకూ తలూపుతోంది. మా నాయన పేరు రాగానే "గార్డు సారు, డబల్ రొట్టె సారు" అని బోసినోటితో నవ్వింది. ఆ తరువాత పిల్ల మా అమ్మ పేరు చదివింది, ఆ పొడుగాటి పేరు, మధ్యలో తడబడి మళ్ళీ చదివింది.

ముసలమ్మ తల ఊపలేదు. నావైపు తిరిగి "గామె ఎవలు బిడ్డా? మన వాడల గా పేరు గల్లామె ఎవ్వలు లేకుండె కద" అంది.

ఇంతమంది ముందర ఏడవకూడదని పళ్ళు బిగబట్టి, మన పరిచారకమ్మనే అవ్వా, మా అమ్మనే అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. తడుముకుంటూ ముందుకు వచ్చి, మనుమరాలు చూపించిన చోట అరచేయి పెట్టి, రాయి చల్లదనానికో ఏమో వెంటనే తీసేసింది. "మరి గట్లనే రాయకపోయిండ్లు" అంది. కర్ర మీద ఆనుకొని, రాయి ఉన్న ఆ గోడవైపు, లోపలికి పోవడానికి బయట ఎండలో కాచుకొని నిలబడ్డ రెండో వర్గంవారివైపు, అందులో ఉన్న తన తోడికోడలి మనుమడివైపు, కనబడీ కనబడని చూపుతో చూసింది.

"ఇప్పుడు శనివారంనాడు పిండికి ఎవలొస్తాండ్లు బిడ్డా?" అని అడిగింది.

ఆమె చేయి పట్టుకొని మెట్లు దింపి ఆటో ఎక్కించాను. అప్పటి మనుషులందరూ మంచివాళ్ళని నేననను, జుట్లు పట్టుకొని కొట్టుకున్నవాళ్ళను చూశాను కదా. కానీ కొట్టుకున్నవాళ్ళ గడపలో వచ్చి కూర్చునే మనిషి ఒకరుండేవారు, ఆ మనిషికొక మాట ఉండేది. ఇప్పుడు ఆ మాటను రాళ్ళ మీద, కార్ల మీద రకరకాలుగా రాసుకుంటున్నాం. మా అమ్మ ఇత్తడి డబ్బా మా ఇంట్లో ఇంకా ఉంది, మూత కొంచెం సొట్టపోయింది. శనివారం సాయంత్రమైతే ఆ ముసలమ్మ ఇప్పటికీ గిన్నెలో పిడికెడు పిండి తీసి గడప దగ్గర పెట్టుకుంటుందని, పొద్దున కోడలు దాన్ని మళ్ళీ తమ పిండి డబ్బాలో పోసేస్తుందని మొన్న ఆ మనుమరాలే చెప్పింది.